ఆమె వెంట ఒక మనిషిని పంపండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల న్యాయసేవాధికార సంస్థల పెద్దలకు, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను కోర్టులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినదాన్ని. 31 ఏళ్ల ఉద్యోగంలో చివరి 11 ఏళ్లు కుటుంబ వివాదాలు నడిచే కోర్టుల్లోనే గడిచాయి. జడ్జిగారి మాట తీర్పులో మిగులుతుంది. వకీలుగారి మాట వాదనలో మిగులుతుంది. గుమాస్తా విన్న మాటలు మాత్రం ఏ రికార్డులోకీ ఎక్కవు. కిటికీ దగ్గర నిలబడి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి "అమ్మా, ఇందులో ఏముందో కాస్త చెప్తారా?" అని అడిగినవాళ్లు ఎందరో లెక్కపెట్టలేదు. ఆ కాగితాల్లో చాలావాటికి నంబరు వేసింది నేనే. అందుకని ఆ విన్న మాటలు మీకు అప్పగించే బాధ్యత కూడా నాదే అనిపించింది.

ఒకామె సంగతితో మొదలుపెడతాను. పేరూ ఊరూ అక్కర్లేదు. ఆమెకూ ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు 3,000 రూపాయల మనోవర్తి ఇవ్వాలని భర్త మీద ఉత్తర్వు అయింది. అతను రెండు నెలలు కట్టి మానేశాడు. ఆమె ఎదురుచూసింది. ఇవాళ కాకపోతే రేపు వస్తుందని, పండక్కి వస్తుందని, బడులు తెరిచేనాటికి వస్తుందని ఎదురుచూసింది. బాకీ 40 నెలలకు చేరాక ఎవరో చెబితే మళ్లీ కోర్టుకు వచ్చింది. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అంటే, "కోర్టే ఇమ్మంది గదా, ఇవ్వకపోతే కోర్టే అడుగుతుందనుకున్నాను" అంది.

ఆ మాటలో తప్పేముంది? లోకంలో ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ చట్టం అలా అనుకోదు. మనోవర్తి బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా పిటిషన్ వేస్తేనే ఆ బాకీ వసూలుకు వారంటు వస్తుంది. ఏడాది దాటినదానికి రాదు. అంటే 1,20,000 రూపాయల బాకీలో వారంటుతో వసూలయ్యే వీలున్నది చివరి 12 నెలల 36,000 మాత్రమే. మిగిలిన 84,000 రూపాయలు అడగనందుకు పోయాయి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉన్న ఈ మెలిక, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోకి వచ్చి కూర్చుంది. కోడ్ పేరు మారింది, సెక్షన్ నంబరు మారింది, మెలిక మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ రోజు ఆమె గొడవ చేయలేదు, ఏడవలేదు. కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి ముడి వేసుకుంది. ఆ ఉత్తర్వులో గడువు సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నా ఉపయోగం లేకపోయేది, ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది.

అయ్యా, అమ్మా, నేను ఈ లేఖ రాస్తున్నది కొత్త చట్టం కావాలని కాదు. ఉన్న చట్టాలు ఎంత ఉదారంగా ఉన్నాయో నాకు తెలుసు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఉచిత న్యాయసహాయం హక్కు. ఆదాయం ఎంత అన్న ప్రశ్నే లేదు. ఎస్సీ, ఎస్టీలకూ దివ్యాంగులకూ అంతే. వకీలు ఫీజు, కోర్టు ఖర్చులు, నకళ్ల ఖర్చు అన్నీ మీవే. మీకు తెలియని విషయమని కాదు. ఈ లేఖ మీ బల్ల మీదికి చేరేలోపు దీన్ని అవసరమున్న ఒకరిద్దరు చదవవచ్చు కదా అని రాస్తున్నాను. 15100కు ఫోను చేస్తే న్యాయసహాయం దారి చెబుతారు. 181 మహిళల హెల్ప్‌లైను. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, వకీలు, కౌన్సెలింగు, కొద్దిరోజుల ఆశ్రయం ఒకే చోట దొరకాలన్నది ఏర్పాటు.

ఇన్ని ఉన్నా ఆమె 84,000 ఎలా పోయింది? నాకు తోచిన సమాధానం ఒక్కటే. సాయమంతా బల్లల వారీగా పంచి ఉంది. ఈ బల్ల దగ్గర ఫిర్యాదు, ఆ బల్ల దగ్గర కౌన్సెలింగు, ఇంకో బల్ల దగ్గర వకీలు, వేరే ఊళ్లో ఇంకో బల్ల దగ్గర వారంటు. ప్రతి బల్ల దగ్గరా మంచివాళ్లే ఉండవచ్చు, తమ పని తాము చేసే ఉండవచ్చు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచే దూరంలో మాత్రం ఆమె ఒంటరి. మాకు తెలిసిన మోసాలూ ఆలస్యాలూ జరిగేది ఆ నడిచే దూరంలోనే.

కుటుంబ న్యాయస్థానం అనేది అసలు ఈ ఒంటరితనం తగ్గించడానికి పుట్టింది. మన దేశంలో వేరుగా కుటుంబ కోర్టులు కావాలని ముందుగా గట్టిగా చెప్పినావిడ మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో చైనా వెళ్లి అక్కడి ఏర్పాటు చూసి వచ్చాక ఆ సంగతి పెద్దల దృష్టికి తెచ్చారు. ఆమె స్వయంగా వకీలు. కోర్టు వరండాలో స్త్రీలు ఎలా నిలబడతారో చూసిన మనిషి. చట్టం 1984లో వచ్చింది, అప్పటికి ఆమె పోయి మూడేళ్లయింది. ఆ చట్టం తీసి చదివితే ఇప్పటికీ ఆశ్చర్యమే. వకీలు ఉండి తీరాలన్న హక్కు ఎవరికీ లేదంటుంది 13వ సెక్షన్, అంటే మనిషి తన గోడు తానే చెప్పుకోగలగాలని దాని ఉద్దేశం. సాంఘిక సేవా సంస్థల తోడు తీసుకోమంటుంది 5వ సెక్షన్. కౌన్సెలర్లను పెట్టమంటుంది 6వ సెక్షన్. సాక్ష్యం విషయంలో పట్టు సడలించమంటుంది 14వ సెక్షన్. అంత చక్కగా రాసుకున్న చట్టం కింద నడిచే కోర్టులో నేను రోజూ చూసిందేమిటి? రెండు వైపులా వకీళ్లు, ఇంగ్లీషు పిటిషన్లు, చెక్ స్లిప్పు (కాగితాల్లో లోపాలు రాసి పంపే చీటీ) మీద అభ్యంతరాలు, తిరిగి పంపడాలు, మళ్లీ దాఖళ్లు. అభ్యంతరాలు రాసిన చెయ్యి నాదే కాబట్టి ఇందులో నా వంతు పాపమూ ఉంది.

ఇంకో సంగతి. 10 లక్షలు దాటిన నగరంలో కుటుంబ కోర్టు తప్పనిసరి. చిన్న ఊళ్ల సంగతి ప్రభుత్వం ఇష్టం. కుటుంబ కోర్టు పరిధిలో లేని ఊరి మనిషి మనోవర్తికి మేజిస్ట్రేటు కోర్టుకు, విడాకులకు సివిల్ కోర్టుకు, గృహహింస కేసుకు మళ్లీ మేజిస్ట్రేటు కోర్టుకు తిరగాలి. ఒకే కాపురం, మూడు ఫైళ్లు, మూడు వాయిదాలు. వాయిదాకు వస్తే కూలి పోతుంది. రాకపోతే బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు, ఆ తర్వాత గైర్హాజరు కింద కేసు కొట్టివేస్తారు. క్రిమినల్ కేసులో సాక్షికి బత్తా ఇచ్చే ఏర్పాటుంది. చంకన బిడ్డతో రెండు బస్సులు మారి వచ్చిన పిటిషనరుకు టిక్కెట్టు డబ్బులు ఎవరిస్తారు?

ఇక ఏమేం మార్చవచ్చో ఒక్కొక్కటిగా చెబుతాను. ముందుగా, ఇలాంటి కష్టంలో ఉన్న స్త్రీ మొదట తట్టే తలుపు గురించి. పెద్దమనుషుల పంచాయతీ, పుట్టింటివాళ్ల మందలింపు, అత్తింటివాళ్ల ఒట్లు, పోలీసు స్టేషన్‌లో "సర్దుకుపొండి" అనే సలహా, ఇవన్నీ అయ్యాక గాని ఎవరూ కోర్టు ముఖం చూడరు. ఆ దారిలో ఆమెను చూసినవాళ్లు చాలామందే ఉంటారు. ప్రభుత్వాసుపత్రిలో చేతికి కట్టు కట్టిన నర్సు ఉంది. అంగన్‌వాడీ టీచరు ఉంది. ఆశా కార్యకర్త ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం ఉంది, అక్కడ మహిళా పోలీసు ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ స్వయం సహాయక సంఘాలు ఉన్నాయి. వీళ్లలో ఒక్కరికైనా "నీకు వకీలును ప్రభుత్వమే ఇస్తుంది, నువ్వు ఇప్పుడు ఉంటున్న ఊరి కోర్టులోనే కేసు వేసుకోవచ్చు" అన్న రెండు ముక్కలు తెలిస్తే ఎంత తేడా! రెండో ముక్క చిన్నదేమీ కాదు. పుట్టింట్లో ఉంటూ, కేసు వేయాలంటే మెట్టినూరికే పోవాలనుకుని, ఆ ఊరు తలచుకుంటేనే భయమేసి ఊరుకున్నవాళ్లను నేను చూశాను. మనోవర్తి పిటిషనైనా, గృహహింస పిటిషనైనా భార్య ప్రస్తుతం నివసిస్తున్న చోటే వేయవచ్చునని చట్టంలో ఉంది.

గృహహింస చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. అందులో 5వ సెక్షన్ పోలీసుల మీద ఒక బాధ్యత పెట్టింది. బాధితురాలు వచ్చినప్పుడు ఆమెకు ఏయే ఉత్తర్వులు అడిగే హక్కుందో, ఉచిత న్యాయసహాయం ఉందని, ఈ చట్టం కింద ఆమెకు సాయపడడానికి ప్రభుత్వం నియమించిన రక్షణ అధికారి ఉన్నారని వాళ్లే చెప్పాలి. 11వ సెక్షన్ ప్రభుత్వాల మీద ఇంకో బాధ్యత పెట్టింది. టీవీ, రేడియో, పత్రికల్లో క్రమం తప్పకుండా ఈ చట్టం గురించి చాటాలి. బోరు పంపుల రాయితీకి వేసినన్ని గోడరాతలు దీనికి ఎప్పుడైనా చూశారా మీరు? 2025 మే నెలలో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకుని, రక్షణ అధికారులను జిల్లాల్లోనే కాక తాలూకా స్థాయిలోనూ గుర్తించి నియమించమని రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. చట్టం వచ్చి 20 ఏళ్లు! మన లెక్కలో తాలూకా అంటే మండలం. మీ మండలానికి రక్షణ అధికారి ఎవరని ఏ మండల కేంద్రంలోనైనా పదిమందిని అడిగి చూడండి.

ఇక ప్యానెల్ వకీళ్ల మాట, అంటే ఉచిత న్యాయసహాయం కింద మీరు కేసులు అప్పగించే వకీళ్ల మాట. వాళ్లలో మంచివాళ్లను చాలామందిని ఎరుగుదును, వచ్చే ఫీజు కంటే ఎక్కువ బాధ్యతగా పనిచేసినవాళ్లనూ ఎరుగుదును. అయితే ప్యానెల్ వకీలుకు సొంత కేసులుంటాయి. ఒకే పూట రెండు కోర్టుల్లో పిలుపు వస్తే ఏ కోర్టులో నిలబడతారో మనమందరం ఊహించగలం. క్రిమినల్ కేసుల్లో ఈ చిక్కు గుర్తించి, 2022 నుంచి మీరే న్యాయసహాయ రక్షణ న్యాయవాదుల వ్యవస్థ తెచ్చారు. జిల్లాల్లో పూర్తికాలం జీతం మీద, సొంత ప్రాక్టీసు లేకుండా, నిందితుల తరఫున పనిచేసే వకీళ్లు వచ్చారు. మంచి పని. జైల్లో ఉన్న పేదవాడికి పూర్తికాలం వకీలు ఉండాలని ఒప్పుకున్న మనం, ఇంట్లోంచి గెంటివేతకు గురైన మనిషికి కూడా అలాంటి వకీలు ఉండాలని ఎందుకు ఒప్పుకోకూడదు? జిల్లాకు ఇద్దరు చాలు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ అయితే ఇంకా మేలు. కుటుంబ కేసులు తప్ప వేరే పని పెట్టకండి.

పత్రాల గురించి కొంచెం విడమరచి చెప్పనివ్వండి. ఎందుకంటే ఇది నా వృత్తి, మిగతావాటి కంటే నాకు బాగా తెలిసిన చోటు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల మీద మంచి తీర్పు ఇచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు, ఖర్చులు ప్రమాణపత్రంలో చూపాలి. మనోవర్తి పిటిషన్ వేసిన నాటి నుంచే లెక్కకట్టాలి. మధ్యంతర మనోవర్తి నాలుగు నుంచి ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆదాయం దాచే భర్తల ఆట కట్టించడానికి వచ్చిన ఏర్పాటు ఇది. తీర్పు వచ్చిన మూడేళ్లకు, అది సరిగా అమలు కావడం లేదని సుప్రీంకోర్టే మళ్లీ గుర్తుచేయవలసి వచ్చింది.

అమలైన చోట ఏం జరిగిందో చెబుతాను. ఆ ప్రమాణపత్రం నమూనా పేజీలకు పేజీలు. మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డులు, విదేశీ ప్రయాణాలు, క్లబ్బు సభ్యత్వాలు అన్నీ అడుగుతుంది. మిరప కోతలకు వెళ్లే మనిషి ముందు ఆ కాగితాలు పెట్టి, ప్రతి గడిలోనూ "లేదు, లేదు, లేదు" అని రాసి వేలిముద్ర వేయించడం నేను చూశాను. చమత్కారం ఏమిటంటే, అదే తీర్పుకు జతపరిచి వ్యవసాయం మీద బతికేవాళ్ల కోసం వేరే నమూనా ఉంది. భూమి ఎంత, తరి ఎంత, మెట్ట ఎంత, పశువులెన్ని అని అడిగే నమూనా. భర్తకు నాలుగెకరాల మాగాణి ఉందని చూపించగలిగేది ఆ నమూనాలోనే. నేను చూసిన పల్లెటూరి కేసుల్లో చాలావాటికి పట్నం నమూనానే తగిలించి తెచ్చేవారు. కంప్యూటర్లో అదే ఉంటుంది మరి, పేర్లు మార్చి ప్రింటు తీస్తే సరి. రెండు నమూనాలనూ తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేసి ప్రతి మండల న్యాయసేవా కమిటీలో పెట్టించడం మీకు ఒక్క వారం పని.

అలాగే తెలుగులో ఒక్క పేజీ. తీర్పు మొత్తం అనువదించమని నేను అడగడం లేదు. నెలకు ఎంత, ఏ తేదీ నుంచి, ఏ తేదీలోగా, ఏ బ్యాంకు ఖాతాకు, కట్టకపోతే ఎన్ని నెలల్లోపు ఎక్కడికి రావాలి అన్న ఐదు సంగతులు తెలుగులో రాసి, తీర్పు నకలుకు గుచ్చి ఇవ్వండి. పై భాగాన కేసు సీఎన్‌ఆర్ నంబరు, అంటే కోర్టు కంప్యూటరులో ఆ కేసుకు ఉండే నంబరు, పెద్దగా రాయండి. 16 అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ నంబరు ఉంటే చాలు, పదో తరగతి చదివే కూతురు ఫోనులో వాయిదా తేదీ చూసి అమ్మకు చెప్పగలదు. ఆ నంబరు తెలియక, వాయిదా ఎప్పుడో కనుక్కోవడానికే ఊరి నుంచి వచ్చిపోయేవాళ్లు ఎందరో.

లోక్ అదాలత్‌ల గురించి రాయాలా వద్దా అని కొంచెం తటపటాయించాను. ఎందుకంటే అవి మీ గర్వకారణం, నిజంగానే చాలా కాపురాలకూ తెగిన సంబంధాలకూ అక్కడ ఒక ముగింపు దొరికింది. కానీ అక్కడి రాజీ అవార్డు (రాజీ మీద ఇచ్చే తీర్పు) మీద అప్పీలు లేదు. సంతకం పెట్టాక వెనక్కి రావడం దాదాపు కుదరదు. ఒక శనివారం వరుసగా పదుల కొద్దీ కేసులు తేలుస్తుంటే, ఏకమొత్తం తీసుకుని ఇక ఏమీ అడగనని ఒక అమ్మాయి సంతకం పెట్టింది. ఏకమొత్తంలో పిల్లవాడి చదువు కూడా కలిపేశారని ఆమెకు ఆ తర్వాతే అర్థమైంది. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. చదివి వినిపించేంత తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది. కుటుంబ వివాదాల్లో రాజీ షరతులను తెలుగులో చదివి వినిపించి, ఆలోచించుకోవడానికి కనీసం వారం గడువిచ్చి, ఆ తర్వాతే సంతకాలు తీసుకోవాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆ రోజు తేలిన కేసుల లెక్క కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇవన్నీ ఆడవాళ్ల గోడే అనుకోకండి. ముంబైలోనో గల్ఫ్‌లోనో పని చేసుకునే మనిషికి సమన్లు ముట్టక, ముట్టినా ఏం చేయాలో తెలియక, ఏకపక్షంగా ఉత్తర్వు అయిపోయి, ఊరికి దిగగానే వారంటు ఎదురైన భర్తలనూ చూశాను. సంపాదన ఆగిపోతే మనోవర్తి తగ్గించమని అడిగే దారి చట్టంలో ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అతను పారిపోయేవాడు కాదు, ఆమెకు ఎంతో కొంత అందేది. కన్నబిడ్డను చూడడానికి కోర్టు వరండాలో గంట సమయమిస్తే, ఆ గంటంతా బిడ్డ ఏడుస్తుంటే బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకుని నిలబడిపోయిన తండ్రులూ నాకు గుర్తున్నారు. పక్కనే చోరీ కేసులో సంకెళ్లతో తెచ్చిన మనిషి, ఇటు వైపు నల్లకోట్లు, మధ్యలో నాలుగేళ్ల పిల్ల. బొమ్మలూ చాపా ఉన్న ఒక గది ప్రతి కోర్టు ఆవరణలో ఉండాలనడానికి సెక్షన్ నంబరు కావాలా?

వృద్ధుల సంగతి వేరే లేఖకు తగినంత ఉంది. కన్నవాళ్లను పోషించనివారి మీద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చని, 2007 నాటి ఆ చట్టం కింద వకీలు అక్కర్లేకుండానే అడగవచ్చని మాత్రం ఇక్కడ చెప్పి వదిలేస్తాను.

ఏజెన్సీ మాట చెప్పకుండా వదిలేయలేను. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు మామూలుగా వర్తించదు. అక్కడ పెళ్లిళ్లూ విడిపోవడాలూ కులాచారం ప్రకారం నడుస్తాయి. దాంతో, మాకు ఏ కోర్టూ లేదని ఆ ఆడవాళ్లే కాదు, కొందరు సిబ్బంది కూడా అనుకుంటారు. మనోవర్తి సెక్షన్, గృహహింస చట్టం తెగనూ మతాన్నీ చూడవు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు వెళ్లే పారాలీగల్ వాలంటీరుకు (న్యాయసహాయం పనిలో మీకు తోడ్పడే, వకీలు కాని కార్యకర్తకు) కోయో గోండో, అక్కడ మాట్లాడే గిరిజన భాష రావాలి, లేకపోతే తెలుగు కరపత్రం కూడా అక్కడ ఇంగ్లీషు కరపత్రంతో సమానమే. మతం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. విడాకులైన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది తెలంగాణ నుంచే వెళ్లిన కేసు. రెండు రోజులు టీవీల్లో దాని మీద హోరాహోరీ చర్చలు నడిచాయి. ఆ చర్చల్లో ఒక్కరైనా పిటిషన్ ఎక్కడ వేయాలో చెప్పారా అని నేను ఓపిగ్గా చూశాను. చెప్పలేదు.

ఇప్పుడు నేను అడగదలచుకున్న అసలు కోరిక. పైన రాసినవన్నీ ఒకేసారి చేయలేమంటే, ఇది ఒక్కటి చేయండి.

కుటుంబ వివాదంతో ఎవరు మీ గడప తొక్కినా, ఆ రోజే వారికి ఒక మనిషిని అప్పగించండి. పథకం కాదు, హెల్ప్‌లైను కాదు. పేరూ ఫోను నంబరూ ఉన్న మనిషి. కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు, 2009 నుంచి మీ దగ్గర పారాలీగల్ వాలంటీర్ల వ్యవస్థ ఉంది. ఇప్పుడు వాళ్లతో సదస్సులకు జనాన్ని పోగుచేయించడం, కరపత్రాలు పంచించడం ఎక్కువగా జరుగుతోంది. అందులో సగం మందిని ఈ పనికి మార్చండి. అర్జీ రాయించడం దగ్గర నుంచి, ఆసుపత్రి కాగితాలు సంపాదించడం, వాయిదా ముందురోజు ఫోను చేయడం, వకీలు మారితే కొత్త వకీలుకు కథంతా చెప్పడం, కౌన్సెలింగు గది బయట కూర్చోవడం దాకా ఆ మనిషే చూడాలి. తీర్పుతో ఆ పని ముగియకూడదు. ఉత్తర్వు వచ్చాక ప్రతి నెలా డబ్బు పడిందా లేదా అని ఒక పుస్తకంలో రాసుకోవాలి. మూడు నెలలు పడకపోతే, ఆమె అడిగేదాకా ఆగకుండా వసూలు పిటిషన్ వేయించాలి. ఏడాది గడువు ఆమెకు గుర్తుండనక్కర్లేదు, ఆ పుస్తకానికి గుర్తుంటే చాలు.

దీనికి గౌరవ వేతనం కేసుకు ఇంత అని కాక, కేసు నడిచినన్ని నెలలూ ఇవ్వండి. జిల్లా సమీక్షల్లో ఎన్ని సదస్సులు పెట్టారు, ఎంతమంది హాజరయ్యారు అన్న పట్టికల పక్కనే ఇంకో గడి గీయించండి. ఉత్తర్వు ప్రకారం ఈ నెల ఎంతమందికి డబ్బు చేతికి అందింది అన్న గడి. 31 ఏళ్లలో నేను ఎన్నో పట్టికలు నింపి పైకి పంపాను. దాఖలైనవి, పరిష్కారమైనవి, పెండింగులో ఉన్నవి అన్నీ ఉండేవి. డబ్బు అందినవి అన్న గడి మాత్రం ఏ పట్టికలోనూ చూడలేదు. లెక్కలో లేని పని ఆఫీసుల్లో ఎవరూ చేయరు. నేనూ చేయలేదు.

పదవీ విరమణ తర్వాత మా వీధిలోనే ఇద్దరు ముగ్గురికి నేను ఇలా తోడు వెళ్తున్నాను. ఎవరూ నియమించలేదు. పాత పరిచయాల వల్ల కిటికీ దగ్గర కాస్త త్వరగా పని అవుతుంది, అంతే. వాళ్లలో ఒకరికి 11 నెలల బాకీ ఉంది. వచ్చే నెల 5వ తేదీ దాటితే మొదటి నెల మనోవర్తి వారంటుకు అందకుండా పోతుంది. పిటిషన్ సిద్ధమైంది, ప్యానెల్ వకీలుగారు చూసి సంతకం పెట్టాలి. ఈ సోమవారం ఉదయం పదింటికి ఆమెను వెంటబెట్టుకుని మీ జిల్లా కార్యాలయాల్లో ఒకదానికి వస్తున్నాను. ముందువరసలో కూర్చుంటాము.

ఇట్లు,
కుటుంబ కేసుల విభాగంలో పనిచేసి విరమించిన ఒక కోర్టు సూపరింటెండెంటు